కాఫీ గింజల ఎంపిక

కాఫీ గింజల ఎంపిక అనగా త్రాగువారి నాలుకకు, ఇంటిలో వాడు పాలకు, నీటికి, కాచు పద్ధతికి తగిన కాఫీ గింజలను గుర్తించి తెచ్చుకొనుట. ఒకే ధరకు దొరకు రెండు రకాల గింజలలో ఒకటి ఒకరికి అమృతప్రాయముగాను, మరొకరికి చేదుగాను తోచవచ్చును. కావున "అన్నిటికన్న మంచి గింజ" అనునది లేదు, "ఈ ఇంటికి మంచి గింజ" అనునదే ఉన్నది. గింజ జాతి, పెరిగిన ఎత్తు, పండు నుండి గింజను తీసిన విధము, వేపుడు, చికోరీ పాలు, పొడి తాజాదనము అను ఆరు విషయములు తెలిసినచో ఎవరైనను తమ రుచికి తగిన గింజను కొలది వారములలో కనుగొనవచ్చును. ఈ వ్యాసములో ఉదాహరణకు కృష్ణా జిల్లాలోని చల్లపల్లి పరిసరాలను తీసుకొనడమైనది. ఇక్కడ కాఫీ పండదు, కాని ఉదయపు ఫిల్టరు కాఫీ అలవాటు బలముగా నాటుకొని ఉన్నది.

నేపథ్యము

చల్లపల్లి కృష్ణా డెల్టాలో దివిసీమకు చేరువలో ఉన్న మండల కేంద్రము. వరి, చెరకు, అరటి, కొబ్బరి పండు ఈ నేల సముద్ర మట్టమునకు కొద్ది మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్నది. కాఫీ చెట్టుకు కొండ వాలు, నీడ, చల్లని గాలి, నీరు నిలువని నేల కావలెను. అరబికా జాతికి 15 నుండి 24 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలము. డెల్టా వేసవికి, నీరు నిలచు నల్లరేగడి నేలకు ఈ చెట్టు తాళలేదు. కనుక ఇక్కడివారు త్రాగు ప్రతి గింజ ఎక్కడి కొండ మీదనుండియో రావలసినదే.

ఇందువలన ఒక చిక్కు కలదు. వరి విషయములో డెల్టా రైతు చేతిలోకి తీసుకొన్న గింజను చూచి అది ఏ రకమో, కొత్తదో పాతదో చెప్పగలడు. అదే మనిషి కాఫీ పొడిని మాత్రము పొట్లము మీది పేరును బట్టి కొనును. పొట్లములోని పొడిలో ఏ గింజ ఎంత ఉన్నదో, ఎప్పుడు వేపినదో కంటికి తెలియదు. పొడి నచ్చనప్పుడు కారణము తెలియక పొట్లము మార్చుట, మరల నచ్చక మరొకటి మార్చుట అనేక ఇండ్లలో జరుగుచుండును. గింజను గూర్చిన జ్ఞానము ఈ తిరుగుడును తప్పించును.

చరిత్ర

కాఫీ జన్మస్థానము ఆఫ్రికా ఖండములోని ఇథియోపియా. అక్కడినుండి ఎర్ర సముద్రము దాటి యెమెన్ దేశము చేరినది. సుమారు 1670 ప్రాంతములో బాబా బుడన్ అను సూఫీ యాత్రికుడు మక్కా యాత్రనుండి తిరిగివచ్చుచు యెమెన్ లోని మోఖా రేవునుండి ఏడు గింజలను తెచ్చి కర్ణాటకలోని చిక్కమగళూరు దగ్గరి కొండలలో నాటెనని ప్రతీతి. ఆ కొండలనే నేడు బాబా బుడన్ గిరి అందురు. 19వ శతాబ్దములో ఆంగ్లేయుల కాలమున కొడగు, చిక్కమగళూరు, వయనాడు, నీలగిరి ప్రాంతములలో పెద్ద తోటలు వెలసినవి.

కోస్తా జిల్లాలు 1953 వరకు మద్రాసు రాష్ట్రములో భాగముగా ఉండినవి. మద్రాసు వైపు వ్యాపించిన ఫిల్టరు కాఫీ పద్ధతియే ఇక్కడను స్థిరపడినది. కాఫీ పొడిని రెండు గిన్నెల ఫిల్టరులో వేసి, వేడినీరు పోసి, చిక్కని డికాక్షన్ దించి, మరిగిన పాలతో కలుపుట ఈ పద్ధతి.

1925లో కర్ణాటకలోని బాళెహొన్నూరులో కాఫీ పరిశోధనా కేంద్రము మొదలైనది. 1942 నాటి కాఫీ చట్టము క్రింద కాఫీ బోర్డు పనిచేయుచున్నది. దీని ప్రధాన కార్యాలయము బెంగళూరు. చాల కాలము రైతులు తమ పంటను బోర్డు ద్వారానే అమ్మవలసి ఉండెడిది. 1990వ దశకములో ఈ కట్టుబాటును అంచెలంచెలుగా సడలించి, 1996 నాటికి పూర్తిగా తొలగించిరి. అటుపిమ్మట తోటల పేరుతో, ప్రాంతముల పేరుతో గింజలు విడివిడిగా అంగడికి రాసాగినవి. నేడు కొనువారికి ఎంపిక అను అవకాశము కలిగినదన్న దానికి ఇది ముఖ్య కారణము.

జాతులు

వ్యాపారములో ముఖ్యమైన కాఫీ జాతులు రెండు.

* అరబికా: దీని శాస్త్రీయ నామము కాఫియా అరబికా. భారతదేశములో సాధారణముగా 1000 నుండి 1500 మీటర్ల ఎత్తున పండును. గింజ పొడవుగా, మధ్య గీత వంకరగా ఉండును. కెఫీన్ నూటికి 1 నుండి 1.5 పాళ్ళు. చక్కెర, నూనె పాళ్ళు హెచ్చు. సువాసన, తేలికైన పులుపు, తీపి దీని లక్షణములు.
* రోబస్టా: శాస్త్రీయ నామము కాఫియా కానెఫోరా. 500 నుండి 1000 మీటర్ల ఎత్తున పండును. గింజ గుండ్రముగా, మధ్య గీత సూటిగా ఉండును. కెఫీన్ నూటికి 2 పాళ్ళకు మించి ఉండును. చేదు, ఘాటు, చిక్కదనము, నురుగు దీని లక్షణములు. తెగుళ్ళకు తట్టుకొనును, దిగుబడి ఎక్కువ.

భారతదేశపు పంటలో సుమారు నూటికి 70 పాళ్ళు రోబస్టా, 30 పాళ్ళు అరబికా. మొత్తము పంటలో సుమారు 70 పాళ్ళు కర్ణాటకదే. అరబికా గొప్పది, రోబస్టా నాసిరకము అను అభిప్రాయము వాడుకలో ఉన్నది గాని అది సగము నిజమే. నల్లకాఫీ త్రాగువారికి అరబికా హాయిగా ఉండును. చిక్కని గేదె పాలలో కలిపినప్పుడు మాత్రము తేలిక అరబికా మునిగిపోవును. అప్పుడు కొంత రోబస్టా చేర్చిననే కాఫీ రుచి పైకి తేలును. శుభ్రముగా కడిగి ఆరబెట్టిన రోబస్టా అజాగ్రత్తగా ఎండబెట్టిన అరబికా కన్న ఎన్నో రెట్లు మేలు.

సాధారణముగా ఒక్కొక్క కాఫీ పండులో ఎదురెదురుగా రెండు గింజలుండును. కొన్నిటిలో ఒక్క గింజయే గుండ్రముగా తయారగును. దీనిని పీబెర్రీ అందురు. ఇది వేరే జాతి కాదు. గుండ్రముగా ఉండుటచే బాణలిలో దొర్లుచు సమముగా వేగును. చాలమంది దీనిని ఇష్టపడుదురు, ధరయు కొంత హెచ్చు.

పండు నుండి గింజ వరకు

పండు నుండి గింజను తీయు పద్ధతి రుచిని చాల మార్చును.

* కడుగు పద్ధతి: పండిన ఎర్రని కాయల తొక్క, గుజ్జు తీసి, జిగురు పోవువరకు పులియనిచ్చి, కడిగి, పై పొరతో సహా ఎండబెట్టుదురు. ఈ విధముగా వచ్చిన అరబికాను "ప్లాంటేషన్" అనియు, రోబస్టాను "పార్చ్‌మెంట్" అనియు మన దేశపు వ్యాపారులు పిలుచుదురు. రుచి శుభ్రముగా, తేటగా, కొంచెము పులుపుతో ఉండును.
* ఎండు పద్ధతి: పండును పండుగానే కళ్ళములో ఎండబెట్టి, పిమ్మట తొక్క తీయుదురు. దీనిని "చెర్రీ" అందురు. రుచి బరువుగా, తియ్యగా, కొన్ని వేళల మొరటుగా ఉండును.
* తేనె పద్ధతి: తొక్క మాత్రము తీసి జిగురుతోనే ఎండబెట్టుట. పై రెండిటికిని నడిమి రుచి వచ్చును. తేనె వాడరు, జిగురు వలన వచ్చిన పేరు మాత్రమే.

మలబారు తీరములో మరొక విధము కలదు. ఎండిన గింజలను జూన్ నుండి సెప్టెంబరు వరకు నైఋతి ఋతుపవనపు తడిగాలి తగులునట్లు గిడ్డంగులలో పరచి ఉంచుదురు. గింజ ఉబ్బి, గడ్డి రంగుకు తిరిగి, పులుపు దాదాపుగా పోవును. దీనిని మాన్‌సూన్డ్ మలబార్ అందురు. పులుపు గిట్టనివారికి ఇది తగినది. 2008లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది.

శ్రేణులు

దుకాణములో వినబడు "ఎ", "బి", "పీబి" మొదలగు మాటలు గింజ పరిమాణమును, లోపములను తెలుపునవే గాని రుచిని తెలుపునవి కావు. ప్లాంటేషన్ ఎ అనగా 6.65 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలచు గింజ, బి అనగా 6 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలచునది. పెద్ద గింజ చూచుటకు అందముగా ఉండును, కాని చిన్న గింజ కూడ మంచి తోటదైనచో రుచిలో తీసిపోదు. సమాన పరిమాణపు గింజలు సమముగా వేగుననుటయే శ్రేణి వలని ముఖ్య ప్రయోజనము. మైసూర్ నగ్గెట్స్ ఎక్స్‌ట్రా బోల్డ్ అనునది పెద్ద గింజల మేలురకపు అరబికా. రోబస్టా కాపీ రాయల్ అనునది కడిగిన మేలురకపు రోబస్టా.

ముఖ్య ప్రాంతములు

2019లో కొడగు అరబికా, వయనాడు రోబస్టా, చిక్కమగళూరు అరబికా, బాబా బుడన్ గిరి అరబికా, అరకు లోయ అరబికా అను ఐదు కాఫీలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. వీనిలో చివరిది తెలుగు నేలది.

అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతములు నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నవి. తూర్పు కనుమల మన్యములో కాఫీ సాగు 19వ శతాబ్దము చివర తూర్పు గోదావరి వైపు పాములేరు లోయలో చిన్నగా మొదలైనది. అటవీశాఖ 1960వ దశకములో తోటలు పెంచినది. పిమ్మట పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, కాఫీ బోర్డు తోడ్పాటుతో గిరిజన రైతులు తమ సొంత కొండ పొలములలో సాగు చేపట్టిరి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే ప్రాకించిన మిరియపు తీగలు ఇక్కడ సామాన్యముగా కనిపించు దృశ్యము. సుమారు 900 మీటర్లు, అంతకు పైబడిన ఎత్తు, పగటి ఎండ, రాత్రి చలి వలన గింజ నెమ్మదిగా పండును. మధ్యస్థముగా వేపినచో పండ్ల వంటి పులుపు, బెల్లపు తీపి ఛాయ కనబడును. 1956లో స్థాపించబడిన గిరిజన సహకార సంస్థ గింజలను కొని, పొడిచేసి అమ్ముచున్నది. నాంది ఫౌండేషన్ ప్రోత్సాహముతో ఏర్పడిన రైతుల సహకార సంఘపు కాఫీ 2017లో ప్యారిస్ నగరములో సొంత దుకాణము తెరచువరకు వెళ్ళినది.

కర్ణాటక గింజలలో చిక్కమగళూరు, బాబా బుడన్ గిరి అరబికాలు తేలికైన పులుపుతో సమతూకముగా ఉండును. కొడగులో అరబికా, రోబస్టా రెండును పండును. వయనాడు రోబస్టా చిక్కదనమునకు పేరుపొందినది.

చల్లపల్లికి కృష్ణానది ఆవలి గట్టున, గుంటూరు జిల్లా దుగ్గిరాలలో సి.సి.ఎల్. ప్రోడక్ట్స్ సంస్థ వారి ఇన్‌స్టంట్ కాఫీ కర్మాగారము కలదు. 1994లో మొదలైన ఈ సంస్థ అనేక దేశములకు ఇన్‌స్టంట్ కాఫీ ఎగుమతి చేయుచున్నది. పసుపు అంగడికి పేరుపడిన దుగ్గిరాలలో కాఫీ కర్మాగారము ఉండుట చూచి ఇక్కడ కాఫీ పండునని కొందరు అనుకొందురు. గింజలు కొండ ప్రాంతములనుండి, ఇతర దేశములనుండి వచ్చునవే.

వేపుడు

పచ్చి కాఫీ గింజకు కాఫీ వాసన ఉండదు. దాదాపు నానబెట్టని శనగల వాసన వచ్చును. వేపుడులోనే సువాసన పుట్టును. సుమారు 196 డిగ్రీల దగ్గర గింజ పేలాలవలె మొదటిసారి చిటపటలాడును. సుమారు 224 డిగ్రీల దగ్గర రెండవసారి సన్నగా చిటపటలాడి, నూనె పైకి తేలును.

* లేత వేపుడు: మొదటి చిటపటతో ఆపినది. పులుపు, పూల, పండ్ల వాసనలు హెచ్చు. పాలు లేకుండ త్రాగువారికి తగినది.
* మధ్య వేపుడు: రెండు చిటపటల నడుమ ఆపినది. తీపి, పులుపు, చేదు సమముగా ఉండును.
* ముదురు వేపుడు: రెండవ చిటపట దాటినది. చేదు, పొగ వాసన హెచ్చు, గింజ పుట్టిన చోటు గుర్తు పట్టలేము. చిక్కని పాలలో నిలచును.

గింజ ఎంత మేలైనదైనను మాడ్చినచో మాడు రుచియే మిగులును. కనుక ఖరీదైన గింజను బాగా ముదురుగా వేపించుట వృథా వ్యయము. ముదురు వేపుడే ఇష్టమైనవారు మధ్యరకపు గింజ కొనిన చాలును.

వేపుడులో గింజ బరువు నూటికి 12 నుండి 20 పాళ్ళు తగ్గును. ఒక కిలో పచ్చి గింజలు వేపిన పిమ్మట సుమారు 800 నుండి 880 గ్రాములగును. ధరలు పోల్చునప్పుడు ఈ తరుగును లెక్కలోనికి తీసుకొనవలెను.

ఇంటిలో వేపదలచువారు దళసరి ఇనుప బాణలిలో 200 గ్రాములకు మించకుండ తీసుకొని, గరిటె ఆపకుండ త్రిప్పుచు వేపవలెను. చిటపట మొదలైన పిమ్మట క్షణములలో రంగు మారును. దించిన వెంటనే చేటలో పోసి చెరిగినచో పొట్టు పోవును, గింజయు చల్లారును. వేపిన గింజలోనుండి బొగ్గుపులుసు వాయువు కొన్ని దినములు వెలువడుచుండును. కావున వేపిన రెండు మూడు దినముల తరువాత రుచి బాగుగా కుదురును.

చికోరీ

చికోరీ కాఫీ కాదు. కాసిని అను మొక్క వేరును ఎండబెట్టి, వేపి, పొడిచేసినది. 1806లో నెపోలియన్ విధించిన వ్యాపార దిగ్బంధము వలన ఐరోపాలో కాఫీ కరవైనప్పుడు ఫ్రాన్సులో దీని వాడకము బాగా పెరిగినది. మన దేశములో గుజరాత్, ఉత్తర ప్రదేశ్ రాష్ట్రములలో పండించుచున్నారు.

చికోరీలో కెఫీన్ లేదు. నీటిలో కరుగు పదార్థములు కాఫీకన్న చాల హెచ్చు. కనుక డికాక్షన్ నల్లగా, చిక్కగా, కొంత తియ్యగా దిగును. పొడి ఉబ్బి నీటిని నెమ్మదిగా జారనిచ్చును. మన దేశపు ఆహార నిబంధనల ప్రకారము కాఫీ చికోరీ మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గరాదు, ఏది ఎంత పాలో పొట్లము మీద ముద్రించవలెను.

ఈ చిన్న అక్షరములు చదువుట కొనువారికి లాభము. ఉదాహరణకు 60:40 మిశ్రమము అరకిలోలో కాఫీ 300 గ్రాములే. అదే ధరకు 80:20 మిశ్రమము 400 గ్రాములు దొరికినచో దానిలో కాఫీ 320 గ్రాములు. చిన్న పొట్లములోనే కాఫీ ఎక్కువ ఉన్నది. చికోరీ ఇష్టపడుట తప్పు కాదు. తెలిసి కోరుకొనుట వేరు, తెలియక కొనుట వేరు. నూటికి 10 నుండి 20 పాళ్ళు రంగును చిక్కదనమును ఇచ్చును. 30 దాటినచో కాఫీ వాసన వెనుకబడి, మాడిన బెల్లపు రుచి ముందుకు వచ్చును.

డెల్టాలో పాలు, నీరు, గాలి

ఒక ఊరిలో బాగున్న పొడి మరొక ఊరిలో బాగుండకపోవుటకు కారణములు ఇవి.

పాలు: కృష్ణా జిల్లాలో గేదె పాల వాడకము ఎక్కువ. గేదె పాలలో వెన్న నూటికి 6 నుండి 8 పాళ్ళు, ఆవు పాలలో సుమారు 4 పాళ్ళు. పాలలోని మాంసకృత్తులు కాఫీలోని వగరును కట్టివేయును. అందుచేత బెంగళూరులో ఆవు పాలతో నచ్చిన లేత అరబికా చల్లపల్లిలో గేదె పాలతో చప్పగా తోచును. గేదె పాలకు మధ్య వేపుడును దాటిన గింజ, కొంత రోబస్టా, చిక్కని డికాక్షన్ తగును. అరబికానే కావలెననువారు పాలు తగ్గించి డికాక్షన్ పెంచవలెను.

నీరు: డికాక్షన్‌లో నూటికి 90 పాళ్ళకు పైగా ఉండునది నీరే. సముద్రమునకు చేరువగా ఉన్న దివిసీమ వైపు భూగర్భజలము పలుచోట్ల ఉప్పన. కఠిన జలములోని బైకార్బొనేట్లు కాఫీలోని పులుపును అణచివేయును. దీనితో మేలైన అరబికా కూడ మొద్దుగా, సుద్ద రుచిగా ఉండును. ఇందుకు విరుగుడుగా వాడు శుద్ధి యంత్రపు నీటిలో లవణములు మరీ తక్కువైనచో కాఫీ పలుచగా, పుల్లగా దిగును. లీటరుకు సుమారు 150 మిల్లీగ్రాముల కరిగిన లవణములున్న నీరు కాఫీకి అనుకూలమని కాఫీ నిపుణులు చెప్పుదురు. పొడిని మార్చుటకు ముందు అదే పొడిని రెండు రకాల నీటితో కాచి చూచినచో దోషము ఎక్కడున్నదో తెలియును.

గాలి: తీరప్రాంతపు తేమ కాఫీ పొడికి శత్రువు. పొడి, అందునను చికోరీ కలిసిన పొడి, తేమను పీల్చి గడ్డకట్టును. అల్పపీడనపు వానల దినములలో మూత సరిగా లేని డబ్బాలోని పొడి వారము తిరుగకమునుపే వాసన కోల్పోవును. గింజగా ఉంచినచో మూడు నాలుగు వారములు నిలచును. కనుక డెల్టా ఇండ్లకు గింజ కొని వారమునకు సరిపడ పొడి చేసుకొనుట మిక్కిలి మేలు.

ఇంటిలో రుచి పరీక్ష

తన రుచిని తాను కనుగొనుటకు ఒక నియమము పాటించిన చాలును. ఒక్కసారికి ఒక్క విషయమునే మార్చవలెను. ఒక్కొక్క రకము 100 గ్రాములు తెచ్చుకొనిన సరిపోవును.

* మొదటి వారము: ఒకే వేపుడు గల అరబికా, రోబస్టాలను చికోరీ లేకుండ పోల్చవలెను.
* రెండవ వారము: నచ్చిన గింజనే మధ్య వేపుడు, ముదురు వేపుడులతో పోల్చవలెను.
* మూడవ వారము: అరబికా, రోబస్టాలను 80:20, 60:40, 50:50 పాళ్ళలో కలిపి చూడవలెను.
* నాలుగవ వారము: నచ్చిన కలయికకు 10, 20, 30 పాళ్ళు చికోరీ చేర్చి చూడవలెను.

మొదట పాలు లేకుండ, పిమ్మట రోజు త్రాగు విధముగా పాలు, పంచదారతో రుచి చూడవలెను. పాలు లేనిదే లోపములు తెలియవు, పాలతో కానిదే రోజు కాఫీ తెలియదు. నల్లకాఫీ పరీక్షకు 150 మిల్లీలీటర్ల నీటికి సుమారు 8 గ్రాముల బరకపొడి తీసుకొని, మరిగి కొద్దిగా ఆగిన నీరు పోసి, 4 నిమిషముల తరువాత పైతెట్టును చెంచాతో తొలగించి, గోరువెచ్చగా అయినప్పుడు చప్పరించవలెను. మరీ వేడిగా ఉన్నప్పుడు నాలుక తేడాలను గుర్తింపలేదు.

పేరు, ధర తెలిసినచో నాలుక మోసపోవును. దీనికి మూడు గ్లాసుల పరీక్ష మందు. ఇంటిలో ఒకరు రెండు గ్లాసులలో ఒక రకము, మూడవ దానిలో మరొక రకము పోసి అడుగున గుర్తు పెట్టవలెను. త్రాగువారు వేరుగా ఉన్న గ్లాసును చూపవలెను. ఊహతో చెప్పినను మూడింట ఒకసారి సరిపోవును గనుక మూడు మార్లు చేయవలెను. మూడు మార్లును ఊహతో సరిపోవు అవకాశము 27లో ఒకటి మాత్రమే. ఖరీదైన పొడిని, చవక పొడిని ఈ విధముగా వేరు చేయలేనివారు చవకదానిని నిశ్చింతగా కొనవచ్చును. వేరు చేయగలిగి, ఖరీదైనదే నచ్చినవారు ఆ ధర ఎందుకిచ్చుచున్నారో తెలిసి ఇచ్చుదురు.

రుచి లోపములు, సవరణలు

* పుల్లగా ఉన్నచో: వేపుడు కొంచెము ముదిరించవలెను, లేదా మాన్‌సూన్డ్ గింజ కలపవలెను. నీరు చాలినంత వేడిగా ఉన్నదో లేదో చూడవలెను.
* చేదుగా ఉన్నచో: వేపుడు తగ్గించవలెను, రోబస్టా పాలు తగ్గించవలెను, పొడి కొంచెము బరకగా పట్టించవలెను.
* పలుచగా ఉన్నచో: పొడి పెంచవలెను, పొడిని ఫిల్టరులో కొద్దిగా అదమవలెను. చికోరీ చివరి ఉపాయముగా ఉంచుకొనవలెను.
* వాసన లేనిచో: గింజ మార్చకుండ ముందు వేపిన తేది చూడవలెను. తరచు దోషము పాతదనములోనే ఉండును.
* బూజు, గోనెసంచి వాసన ఉన్నచో: గింజ తేమలో నిలువ ఉన్నది. దీనికి సవరణ లేదు.
* పాతబడిన నూనె వాసన ఉన్నచో: ముదురు వేపుడు గింజ గాలి తగిలి చెడినది.

ఒకసారి దిగిన డికాక్షన్‌ను పొయ్యి మీద మరిగించినచో ఎంత మంచి గింజయైనను చేదెక్కును. వేడినీటి గిన్నెలో ఉంచి వెచ్చచేయవలెను.

కొనుగోలు, నిలువ

విజయవాడ వంటి పట్టణములలో గింజలను వేపి, కొనువారి ఎదుట మరపట్టి ఇచ్చు దుకాణములు కలవు. అక్కడ అడుగవలసిన ప్రశ్నలు నాలుగు: ఇది ఏ గింజ, ఏ ప్రాంతముది, ఎప్పుడు వేపినారు, చికోరీ ఎంత పాలు. మరలో అంతకుమునుపు పట్టిన చికోరీ పొడి మిగిలి ఉండవచ్చును. కనుక అచ్చమైన కాఫీ కోరువారు మొదటి గుప్పెడు గింజల పొడిని పక్కన పెట్టించవలెను. ఫిల్టరుకు పొడి మరీ మెత్తన కాక, బొంబాయి రవ్వ కన్న సన్నగా ఉండవలెను.

అరబికా కోత సాధారణముగా నవంబరు నుండి ఫిబ్రవరి వరకు సాగును. కొత్త పంట గింజలు వేసవి ముందు అంగడికి వచ్చును. గాలి చొరని డబ్బాలో, పొయ్యికి ఎడముగా, వెలుతురు తగులని చోట ఉంచవలెను. రిఫ్రిజిరేటరులో ఉంచి మాటిమాటికి తీసినచో చల్లని పొడి మీద గాలిలోని తేమ చేరును.

విడిపొడిలో చెప్పకుండ కలిపిన చికోరీని గుర్తించుటకు సులభమైన పరీక్ష ఒకటి కలదు. గాజు గ్లాసులోని చల్లని నీటిపై చిటికెడు పొడి చల్లవలెను. కాఫీ పొడి కొంతసేపు తేలియుండును. చికోరీ వెంటనే మునుగుచు గోధుమరంగు చారలు విడుచును. చింతపిక్కల పొడి కలుపుట కూడ తెలిసిన కల్తీయే. గింజగా కొనువారికి ఈ భయము లేదు.

ఆరోగ్యము

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకముల ప్రకారము 150 మిల్లీలీటర్ల కాచిన కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండును, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుండి 65 మిల్లీగ్రాములుండును. దినమునకు 300 మిల్లీగ్రాములు దాటరాదనియు, భోజనమునకు ముందు, తరువాత ఒక గంటసేపు కాఫీ, టీలు త్రాగరాదనియు ఆ సంస్థ సూచించినది. వీనిలోని టానిన్లు ఆహారములోని ఇనుమును ఒంటికి పట్టనీయవు. రోబస్టాలో కెఫీన్ ఇంచుమించు రెట్టింపు గనుక నిద్ర పట్టనివారు సాయంకాలపు కాఫీకి అరబికా ఎంచుకొనవచ్చును.

ధర, రైతు

2025 ఫిబ్రవరిలో ప్రపంచ విపణిలో అరబికా ధర పౌనుకు 4 డాలర్లు దాటినది. బ్రెజిల్, వియత్నాం దేశములలో వాతావరణము అనుకూలింపక పంట తగ్గుట దీనికి ముఖ్య కారణము. ధర పెరిగినప్పుడు పొట్లములో చికోరీ పాలు పెరుగుట కొనువారు గమనించదగిన విషయము. ఎర్రగా పండిన కాయలనే ఏరి కోయుటకు ఒకే చెట్టు దగ్గరకు పలుమార్లు వెళ్ళవలెను. పచ్చికాయలు, పండ్లు కలిపి దూసినచో పని తక్కువ, కాని కాఫీ వగరెక్కును. కొనువారు తేడా గుర్తించి అడిగినప్పుడే ఏరి కోసిన గిరిజన రైతుకు ఆ శ్రమకు తగిన ధర దక్కును. పేరు మాత్రమే చూచి కొను అంగడిలో మంచి గింజయు, చెడ్డ గింజయు ఒకే ధర పలుకును. గింజను గుర్తించుట నేర్చిన చల్లపల్లి గృహస్థునికి మంచి కాఫీ దొరకుటయే గాక, మన్యములోని రైతుకు మంచి పంట పండించుటకు కారణము కూడ దొరకును.

ఇవి కూడా చూడండి

* కాఫీ
* అరకు లోయ
* చికోరీ
* చల్లపల్లి
* దుగ్గిరాల
* గిరిజన సహకార సంస్థ